ఆరువందల గుర్రాలు, నూట ఇరవై వేగం

దోహాలో ఉద్యోగానికి వచ్చిన తెలుగువాడిని మొదటి సంవత్సరం అందరూ అడిగే ప్రశ్నలు మూడు. ఫ్యామిలీ వీసా వచ్చిందా? ఇల్లెక్కడ తీసుకున్నారు? ఏం బండి కొన్నారు? ఐదో ఏడు వచ్చేసరికి మొదటి రెండూ పోయి మూడోది ఒక్కటే మిగులుతుంది. అదీ కాస్త రూపం మార్చుకుని, "ఇంకా ఆ బండేనా?" అని.

ఆ "ఇంకా" అన్న మాటకి బరువెక్కువ. చిన్న కారు నుంచి ప్రాడోకి, ప్రాడో నుంచి ల్యాండ్ క్రూయిజర్‌కి ఎక్కినవాడి చూపు ఆ తర్వాత సహజంగానే పై మెట్టు మీద పడుతుంది. మెర్సిడెస్ జి63, పోర్షె కయెన్ టర్బో, రేంజ్ రోవర్ స్పోర్ట్‌లో పెద్ద ఇంజను రకాలు, ఇంకా పైకెళ్తే లంబోర్గిని ఉరుస్, ఆస్టన్ మార్టిన్ డిబిఎక్స్. రెండు టన్నులు దాటిన బరువు, ఐదువందలకి పైగా హార్స్‌పవరు, ఐదు సెకన్లలోపు వంద కిలోమీటర్ల వేగం. ఈ నెల ఈ జాతి బళ్ళ గురించి మాట్లాడుకుందాం.

ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఇవి ఇంజనీరింగు పరంగా గొప్ప యంత్రాలు. వీటిని ఇష్టపడటంలో తప్పేమీ లేదు, నాకూ ఇష్టమే. కానీ జీతం మీద, వీసా మీద, బ్యాంకు అప్పు మీద నడిచే మనలాంటివాళ్ళ జీవితాలకి ఇవి అమ్మేది ఎప్పటికీ వాడుకోలేని పీక్ కెపాసిటీని. వాడుకున్నా, వాడుకోకపోయినా దానికి అద్దె మాత్రం నెలనెలా కట్టాలి. ఆ అద్దె ఏయే రూపాల్లో వస్తుందో షోరూంలో ఇచ్చే స్పెక్ షీట్‌లో ఉండదు.

ముందు మంచి మాటలు

ఎత్తు, బరువు, వేగం – ఈ మూడూ ఒక ఒరలో ఇమడని కత్తులు. ఎత్తుగా ఉన్న బండి మలుపులో పక్కకి ఒరుగుతుంది. బరువైన బండి ఆగనంటుంది. అందుకే చాలాకాలం ఎస్‌యూవీ అంటే నిదానంగా, గట్టిగా పోయే బండి అనే అర్థం. 1970లో వచ్చిన రేంజ్ రోవర్ ఈ గట్టితనానికి కాస్త సుఖాన్ని జోడించింది. 1986లో లంబోర్గిని కంపెనీ ఎల్ఎం002 అని ఒక వింత మృగాన్ని తయారుచేసింది. కౌంటాష్ స్పోర్ట్స్ కారులోని పన్నెండు సిలిండర్ల ఇంజనుని తీసుకెళ్ళి ఎడారి బండిలో పెట్టారు. దానికోసం పిరెల్లీ వాళ్ళు ప్రత్యేకంగా ఇసుక టైర్లు తయారుచెయ్యాల్సి వచ్చింది. 1993 వరకూ తయారైనవి మొత్తం మూడు వందల చిల్లరే. అంటే కోరిక అప్పుడే ఉంది, దాన్ని అందరికీ అమ్మగల టెక్నాలజీయే లేదు.

2002లో పోర్షె కయెన్ తెచ్చినప్పుడు స్పోర్ట్స్ కార్ల అభిమానులు నెత్తీ నోరూ బాదుకున్నారు. దాని టర్బో మోడల్ 450 హార్స్‌పవరుతో గంటకి 266 కి.మీ. వేగం అందుకుంది. ఆ బండి మీద వచ్చిన లాభాలే తర్వాత పోర్షెని నిలబెట్టాయి. దాంతో మిగతావాళ్ళకీ దారి దొరికింది. 2015లో బెంట్లీ బెంటాయ్గా, 2017 డిసెంబరులో ఉరుస్, 2018లో రోల్స్ రాయిస్ కల్లినన్, ఆఖరికి 2022లో ఫెరారి పురోసాంగ్వే. ఉరుస్ మొదటి రకం లెక్కలు చూడండి: 650 హార్స్‌పవరు, వంద కిలోమీటర్ల వేగానికి 3.6 సెకన్లు, గరిష్ఠ వేగం 305 కి.మీ., బరువు సుమారు 2,200 కిలోలు.

ఇది ఒట్టి ఇంజను బలంతో అయ్యే పని కాదు. దీని వెనకున్నది మన సరుకే – సెన్సర్లు, సాఫ్టువేరు. మలుపు మొదలవగానే 48 వోల్టుల మోటార్లు యాంటీ-రోల్ బార్లని ఎదురు తిప్పి బండి ఒరగకుండా పట్టుకుంటాయి. దీన్ని ఉత్పత్తి బండిలో మొదట పెట్టింది బెంటాయ్గా. ఎయిర్ సస్పెన్షను వేగం పెరిగేకొద్దీ బండిని కిందికి దించుతుంది. వెనక చక్రాలు కూడా కొద్ది డిగ్రీలు తిరిగి పెద్ద బండిని చిన్న బండిలా భ్రమింపజేస్తాయి. ఉరుస్ ముందు బ్రేకు డిస్కుల వ్యాసం 440 మిల్లీమీటర్లు. మనం చిన్నప్పుడు తొక్కిన పిల్లల సైకిలు చక్రం కన్నా పెద్దగా తేడా ఉండదు. ఒక కంట్రోల్ సిస్టమ్స్ పాఠ్యపుస్తకం మొత్తం నాలుగు చక్రాల మీద పరిగెడుతున్నట్టు ఉంటుంది. కంప్యూటర్ సైన్సు చదివినవాడికి దీన్ని చూసి ముచ్చట పడకుండా ఉండటం కష్టం.

ఖతార్‌లో ఈ ఆకర్షణకి స్థానిక కారణాలు కూడా ఉన్నాయి. ఇక్కడ ఎస్‌యూవీ ఒక అలవాటు. కుటుంబాలు పెద్దవి, ఎండలు తీవ్రం, రోడ్లు వెడల్పు. చలికాలం వస్తే మెసయీద్ దాటి సీలైన్‌కి, అక్కణ్ణించి ఇసుక తిన్నెల మీదుగా ఖోర్ అల్ ఉదైద్‌కి పోవడం ఇక్కడివాళ్ళకి మనకి సంక్రాంతికి ఊరెళ్ళడం లాంటిది. ల్యాండ్ క్రూయిజర్, నిస్సాన్ పెట్రోల్ ఇక్కడ ఇంటి బళ్ళు. పాత వై61 పెట్రోల్ ఇంజనుకి టర్బోలు బిగించి వెయ్యి హార్స్‌పవరు పిండి ఇసుక దిబ్బ ఎక్కించే కుర్రాళ్ళు గల్ఫు అంతటా ఉన్నారు. పైగా పెట్రోలు లీటరు రెండు రియాళ్ళ చుట్టుపక్కల దొరుకుతుంది. 2016 నుంచి ధర నెలనెలా ప్రకటిస్తున్నా, 2021లో హైదరాబాదులో లీటరు వంద రూపాయలు దాటడం చూసినవాడికి ఇది పెద్ద ఖర్చుగా అనిపించదు. కాబట్టి ఇలాంటి బళ్ళ మీద మామూలుగా వేసే మొదటి నింద, అంటే పెట్రోలు తాగుతుందన్నది, ఇక్కడ చెల్లదు. నింద వెయ్యాలంటే వేరేచోట వెతకాలి.

ఒకే కోడు, వేరువేరు తొడుగులు

సాఫ్టువేరువాళ్ళకి నచ్చే సంగతి ఒకటి. ఆడి క్యూ7, ఫోక్స్‌వ్యాగన్ టువారెగ్, పోర్షె కయెన్, బెంట్లీ బెంటాయ్గా, లంబోర్గిని ఉరుస్ – ఇవన్నీ ఎంఎల్‌బి ఈవో అనే ఒకే ప్లాట్‌ఫారం మీద తయారయ్యాయి. అంటే ఒకే కోడ్‌బేసు నుంచి ఐదు ఎడిషన్లు. ట్యూనింగు వేరు, తోలు వేరు, చప్పుడు వేరు, ఇంజను కూడా కొంత వేరు, కానీ ఎముకల గూడు ఒక్కటే. దీన్ని మోసం అనను. మనం మాత్రం ఒకే ప్రాడక్టుని స్టాండర్డ్ అనీ, ఎంటర్‌ప్రైజ్ అనీ అమ్మడం లేదూ? లైసెన్సు ధరలో ఎంత భాగం కోడుకి, ఎంత భాగం పేరుకి పోతుందో కొనేవాడికి తెలిసుంటే చాలు.

అన్నట్టు, ఈ కంపెనీలన్నిటినీ నడిపే ఫోక్స్‌వ్యాగన్ గ్రూపులో ఖతార్ ప్రభుత్వ పెట్టుబడి సంస్థకి 17 శాతం ఓటు హక్కులున్నాయి. 2022లో పోర్షె షేర్లు మార్కెట్లోకి వచ్చినప్పుడు అందులోనూ కొంత తీసుకున్నారు. కనక దోహాలో ఒకాయన కయెన్ కొంటే లాభంలో ఒక చిన్న తునక తిరిగి దోహాకే చేరుతుంది. ఈ ఊళ్ళో ఈ బండి వ్యాపారాన్ని రెండు వైపులనుంచీ చూసినవాళ్ళున్నారు. మనం ఒక వైపు మాత్రమే ఉన్నాం.

నూట ఇరవై దగ్గర ఎన్ని గుర్రాలు?

ఇప్పుడు చిన్న లెక్క. ఖతార్‌లో పెద్ద రహదారుల మీద గరిష్ఠ వేగపరిమితి గంటకి 120 కి.మీ. ఆ వేగంతో సమతలం మీద పోతున్న బండికి ఎంత శక్తి కావాలి? ఉదాహరణకి అన్నిటికన్నా మొరటుగా ఉన్న ఆకారమే తీసుకుందాం, 2018లో వచ్చిన జి63. పెట్టెలాంటి బండి కాబట్టి గాలి దాన్ని గట్టిగానే అడ్డుకుంటుంది. డ్రాగ్ గుణకం 0.54, ఎదుటి వైశాల్యం మూడు చదరపు మీటర్లు అనుకుంటే గాలిని చీల్చడానికి 36 కిలోవాట్లు. రెండున్నర టన్నుల బరువుతో టైర్లు దొర్లడానికి మరో 10. మొత్తం 46 కిలోవాట్లు, అంటే 62 హార్స్‌పవరు. గేరుబాక్సులో పోయేదీ, ఏసీ తినేదీ కలిపి ఉదారంగా 75 అనుకుందాం.

ఆ బండి ఇంజను ఇవ్వగలిగింది 585. ఎనిమిదో వంతుతో పని జరిగిపోతోంది. మన పాత మారుతి 800 ఇచ్చేది 37 హార్స్‌పవరు. రెండు మారుతిల బలంతో ఈ మహారాజు నూట ఇరవైలో సవారీ చేస్తున్నాడన్న మాట.

మిగతా ఐదు వందల గుర్రాలూ ఏం చేస్తున్నాయి? వాటి తయారీదార్లకి కూడా ఈ సమస్య తెలుసు. అందుకే తేలికపాటి ప్రయాణంలో ఎనిమిదిలో నాలుగు సిలిండర్లని నిద్రపుచ్చే ఏర్పాటు పెట్టారు. ఎనిమిది మందికి జీతాలిస్తూ నలుగురిని బెంచి మీద కూర్చోబెట్టినట్టు. కన్సల్టింగు కంపెనీల్లో పనిచేసినవాళ్ళకి ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు.

"ఓవర్‌టేక్ చేసేటప్పుడు కావాలి కదా" అంటారు కొందరు. నిజమే. కానీ ఎనభై నుంచి నూట ఇరవైకి చేరడానికి 250 హార్స్‌పవరు మామూలు బండికి నాలుగైదు సెకన్లు పడితే, దీనికి రెండు మూడు సెకన్లు పడుతుంది. ఆ రెండు సెకన్ల కోసం బండి ధరని రెండింతలో మూడింతలో చేస్తున్నాం. ఏ కస్టమరైనా సర్వరు సైజింగులో ఇలా చేస్తానంటే మనమే వద్దని చెప్తాం, కనీసం ఈమెయిల్లో రాసి పెట్టుకుంటాం.

మెగాహెర్ట్జ్ పందెం గుర్తుందా?

మనలో ముప్ఫై దాటినవాళ్ళందరూ ఇలాంటి పందెం ఒకటి చూశారు. 2000 నవంబరులో పెంటియం 4 వచ్చినప్పుడు దాని వేగం 1.5 గిగాహెర్ట్జ్. అమీర్‌పేటలో కంప్యూటరు అసెంబుల్ చేయించుకునేవాడు ముందు అడిగేది గిగాహెర్ట్జ్ ఎంతనే. ఇంటెల్ ఆ ఒక్క అంకె కోసం చిప్ డిజైనునే వంచింది. 2004కి 3.8 దగ్గర ఆగిపోయింది. నాలుగు గిగాహెర్ట్జ్ మోడల్ వస్తుందని చెప్పి ఆ ఏడు అక్టోబరులో రద్దు చేసుకున్నారు. అడ్డుపడింది వేడి. 2006లో కోర్ 2 వచ్చి, తక్కువ గిగాహెర్ట్జ్‌తో ఎక్కువ పని చేసి చూపించేసరికి ఆ అంకె గురించి జనం అడగడం మానేశారు.

హార్స్‌పవరు కూడా అదే దారిలో ఉందని నా అనుమానం. ఇక్కడ అందరూ నమ్మే ల్యాండ్ క్రూయిజర్‌నే చూడండి. 2021లో వచ్చిన 300 సిరీసులో వి8 ఇంజనుని తీసేసి 3.5 లీటర్ల వి6 ట్విన్ టర్బో పెట్టారు, బరువు కూడా సుమారు రెండు వందల కిలోలు తగ్గించారు. మొదట్లో గల్ఫులో పెదవి విరిచినవాళ్ళున్నారు. తర్వాత కొనడానికి వరస కట్టారు. నిస్సాన్ కూడా 2024లో కొత్త పెట్రోల్‌కి వి6 ట్విన్ టర్బో పెట్టింది. ఇంకోవైపు ఎలక్ట్రిక్ బళ్ళు వచ్చి త్వరణాన్ని చవక చేసేశాయి. టెస్లా మోడల్ ఎక్స్ ప్లెయిడ్ వెయ్యి హార్స్‌పవరు దాటింది, గంటకి అరవై మైళ్ళ వేగానికి దానికి రెండున్నర సెకన్లు చాలు. వేల గంటల శ్రమతో వి8 నుంచి పిండిన బలాన్ని మోటారూ బ్యాటరీ చప్పుడు లేకుండా ఇచ్చేస్తున్నాయి. పదేళ్ళ తర్వాత 600 హార్స్‌పవరు అనేది ఇప్పుడు 3 గిగాహెర్ట్జ్ అన్నంత మామూలు మాట అయిపోవచ్చు. ఆ అంకె కోసం నాలుగేళ్ళ అప్పు చెయ్యబోయేవాళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఎండ, ఇసుక, టైరు

ఎండాకాలం దోహాలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. వేడెక్కిన గాలి పలచబడుతుంది. 15 డిగ్రీల దగ్గరకన్నా 48 డిగ్రీల దగ్గర గాలి సాంద్రత పది శాతం తక్కువ. టర్బో ఆ లోటు పూడ్చడానికి ఇంకా కష్టపడుతుంది, ఇంకా వేడెక్కుతుంది. జర్మనీలో కొలిచిన హార్స్‌పవరు ఆగస్టు మధ్యాహ్నం సల్వా రోడ్డు మీద అంతే ఉంటుందనుకోకండి.

ఇంజను సంగతి అలా ఉంచండి, నాకు ఎక్కువ భయం టైర్లంటే. ఈ చరిత్ర మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 2000 ఆగస్టులో అమెరికాలో 65 లక్షల ఫైర్‌స్టోన్ టైర్లని వెనక్కి పిలిచారు. వాటిలో చాలావరకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీలకి బిగించినవి. వేగంగా పోతుండగా టైరు పైపొర ఊడొచ్చి బళ్ళు పల్టీ కొట్టేవి. అమెరికాలో ఈ టైర్లతో ముడిపడిన మరణాలు 271 అని అక్కడి రవాణా భద్రతా సంస్థ లెక్క తేల్చింది. అయితే దానికి ఏడాది ముందే, 1999లో, సౌదీలోనూ పక్క గల్ఫు దేశాల్లోనూ ఫోర్డ్ ఆ టైర్లని మార్చడం మొదలుపెట్టింది. వేడి రోడ్డు, ఎక్కువ వేగం, తక్కువ గాలి, ఎక్కువ బరువు – నాలుగూ కలిస్తే ఏమవుతుందో మొదట బయటపడినచోట్లలో మన గల్ఫు ఒకటి.

కారణం తేలికైనదే. టైరులో గాలి తక్కువగా ఉంటే అది తిరిగిన ప్రతిసారీ పక్క గోడ ఎక్కువగా వంగుతుంది. వంగిన ప్రతిసారీ వేడి పుడుతుంది. వేగం పెరిగితే నిమిషానికి వంగే లెక్కా పెరుగుతుంది. రబ్బరు, ఉక్కు తీగల మధ్య అతుకు వదులై పైపొర ఊడుతుంది. ఇప్పుడు సీలైన్ దగ్గర జరిగేది చూడండి. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి 15 పి.ఎస్.ఐ. దాకా తీసేస్తారు. అది చెయ్యాల్సిన పనే, లేకపోతే బండి కూరుకుపోతుంది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు గాలి కొట్టేచోట బారులుంటాయి. పిల్లలు నిద్రపోతున్నారు, రేపు ఆఫీసుంది, "ఇంటి దగ్గర కొట్టించుకుందాంలే" అని అదే గాలితో హైవే ఎక్కేవాళ్ళున్నారు. మెత్తటి సస్పెన్షను, నిశ్శబ్దమైన క్యాబిను ఉన్న బండిలో ఆ తేడా తెలియను కూడా తెలియదు. డాష్‌బోర్డు మీద టైరు ప్రెజరు దీపం వెలుగుతుంటే దయచేసి ఆగండి. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని అర్థం. సెకండ్ హాండ్ బండి కొనేవాళ్ళు రంగు కన్నా ముందు దీన్ని చూడండి.

ఇక్కడే ఈ పెర్ఫార్మెన్సు ఎస్‌యూవీల్లోని అసలు వైరుధ్యం బయటపడుతుంది. మూడు వందల వేగానికి సన్నటి పక్కగోడ ఉన్న టైరు కావాలి, అందుకే 22, 23 అంగుళాల చక్రాలు పెడతారు. ఇసుకకి కావాల్సింది గాలి తీస్తే పరుచుకునే లావు టైరు. ఇరవైమూడు అంగుళాల చక్రానికి గాలి తీస్తే పరుచుకోవడానికి అక్కడ రబ్బరేదీ? చక్రం అంచు దెబ్బతింటుంది, లేదా టైరు చక్రాన్నించి జారిపోతుంది. అందుకే కోటి రూపాయలు దాటిన బండి ఉన్నాయన కూడా ఖోర్ అల్ ఉదైద్‌కి స్నేహితుడి పాత పెట్రోల్‌లో వెళ్తుంటాడు. వేగం కోసం కొన్నది ఎస్‌యూవీ పనిని మింగేసింది. ఎత్తూ బరువూ వేగాన్ని పూర్తిగా అనుభవించనివ్వవు. రెండు పనులూ చేస్తుందని కొన్నది రెండింటిలోనూ సగమే చేస్తుంది.

బరువు ఎవరి మీద?

గతిశక్తి సూత్రం తొమ్మిదో తరగతిలో చదివాం. ద్రవ్యరాశిలో సగం, వేగం వర్గం. రెండున్నర టన్నుల బండి 120 వేగంలో ఉంటే అందులో దాదాపు 14 లక్షల జౌళ్ళున్నాయి. బ్రేకు వేసి ఆపితే ఆ శక్తంతా డిస్కుల్లో వేడిగా మారాలి. నాలుగు లీటర్ల చన్నీళ్ళని మరిగించడానికి సరిపోయే వేడి అది. అదే 160 వేగంలో ఏడు లీటర్లు దాటుతుంది. పొడి రోడ్డు మీద మంచి టైర్లతో, డ్రైవరు తేరుకోవడానికి ఒకటిన్నర సెకను ఇస్తే, 120 నుంచి ఆగడానికి సుమారు 120 మీటర్లు, 160 నుంచి 190 మీటర్లు. పది పిస్టన్ల బ్రేకులు పదేపదే ఆపినా అలిసిపోకుండా ఉంటాయి కానీ టైరుకీ రోడ్డుకీ మధ్య పట్టుని మార్చలేవు, మనిషి మెదడు స్పందించే వేగాన్నీ మార్చలేవు.

మా బిల్డింగులో కింద ఎదురుచూస్తూ కూర్చునే ఒక హౌస్ డ్రైవరుతో నాకు పరిచయం. జగిత్యాల దగ్గరి పల్లె. తన యజమాని పిల్లలని ఇలాంటి బండిలోనే తిప్పుతుంటాడు. ఎలా ఉంది బండి అని అడిగితే అన్నాడు: "అన్నా, బండి మా అర్బాబ్‌ది, భయం నాది. దీన్ల కూసుంటే ఎనభై మీద పోతున్నట్టె ఉంటది. మీటర్ల సూస్తె నూట నలభై. కెమెరా కొట్టినంక గానీ తెల్వదు." వేల గంటలు చక్రం పట్టుకున్న అనుభవం అది. పరిశోధనా పత్రాల్లో ఇంత స్పష్టంగా ఎవరూ రాయలేదు. గాజులు రెండు పొరలు, తలుపులు మందం, సీటు ఎత్తు. వేగాన్ని మన చెవులూ కళ్ళూ కొలిచే పద్ధతులన్నిటినీ ఈ బండి మూసేస్తుంది. ఆ సుఖానికే కదా డబ్బిచ్చింది! అతని నెల జీతంతో ఆ బండికి ఒక్క టైరు వస్తే గొప్ప.

లోపలున్నవాడికి దొరికే రక్షణ బయటివాడి ఖాతాలో ఖర్చుగా పడుతుంది. అమెరికాలో ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ హైవే సేఫ్టీ 2023లో ఒక అధ్యయనం వెలువరించింది. బానెట్ ఎత్తు నలభై అంగుళాలు దాటిన బళ్ళు, ముప్ఫై అంగుళాలలోపు వాలు బానెట్ ఉన్న బళ్ళ కన్నా పాదచారుల్ని గుద్దినప్పుడు ప్రాణం తీసే అవకాశం సుమారు 45 శాతం ఎక్కువట. దోహాలో రోడ్డు దాటేవాళ్ళెవరు? సైకిలు మీద పోయేదెవరు? భోజనం డబ్బా మోసుకుని మోటారు సైకిలు మీద వచ్చేదెవరు? నిజామాబాదు నుంచో, కరీంనగర్ నుంచో, కడప నుంచో, లేదా నేపాల్, బంగ్లాదేశ్‌ల నుంచో వచ్చిన కుర్రాళ్ళు. మన సంక్రాంతి సంబరాలకి వచ్చి వెనక వరసలో నిలబడేవాళ్ళు. బడి గేటు దగ్గర ఆ ఎత్తు బానెట్ ముందు నిలబడితే కనిపించనిది మన పిల్లలే. ఈ మాట అనేటప్పుడు ల్యాండ్ క్రూయిజర్‌నీ మినహాయించను. ఎత్తు దానికీ ఉంది. కానీ ఆ ఎత్తుకీ బరువుకీ నాలుగు సెకన్ల త్వరణం జోడించడం వేరే సంగతి.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. పల్టీ కొట్టే ప్రమాదం ఇరవై ఏళ్ళ కిందటితో పోలిస్తే బాగా తగ్గింది. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోలు వచ్చాక ఎస్‌యూవీలకి జరిగిన పెద్ద మేలు అది. కాకపోతే సాఫ్టువేరు కాపాడగలిగే హద్దు ఒకటుంటుంది. హార్స్‌పవరు పెరిగేకొద్దీ మనం ఆ హద్దు దగ్గరకి తొందరగా చేరతాం.

అప్పు, వీసా, బండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. విదేశీయుల జీతం మీద ఇచ్చే వ్యక్తిగత అప్పుకి 2011లో ఖతార్ సెంట్రల్ బ్యాంకు నాలుగు లక్షల రియాళ్ళ పరిమితి, నాలుగేళ్ళ గడువు పెట్టింది. పూర్తి మొత్తం తీసుకుంటే వడ్డీ లేకుండానే నెలకి 8,333 రియాళ్ళు. అప్పుకి హామీగా చెక్కు ఇవ్వడం ఇక్కడ మామూలు. ఆ చెక్కు చెల్లకపోతే అది ఖతార్ శిక్షాస్మృతి ప్రకారం జైలు శిక్ష పడగల నేరం. కేసు పడితే దేశం దాటనివ్వరు. మరో సంగతి – 2024 సెప్టెంబరు 1 నుంచి ట్రాఫిక్ జరిమానాలు బాకీ ఉన్నా సరిహద్దు దాటడానికి వీల్లేదు. ఐదువందల రియాళ్ళ నుంచి మొదలయ్యే స్పీడు జరిమానాలు ఇలాంటి బండికి ఎంత తేలిగ్గా పోగవుతాయో పైన డ్రైవరు చెప్పాడు.

నా ఎరుకలో ఒకాయన, మనవాడే, ప్రాజెక్టు మేనేజరు. మంచి జీతం. 2018లో ఐదువందల హార్స్‌పవరు బండి కొత్తది కొన్నాడు. 2020లో కోవిడ్ వచ్చింది, ప్రాజెక్టు ఆగింది, ఉద్యోగం పోయింది. ఇంకా రెండేళ్ళ వాయిదాలున్నాయి. బండి అమ్మితే వచ్చేది మిగిలిన అప్పు కన్నా తక్కువ. ఈ జాతి బళ్ళ ధర మొదటి మూడేళ్ళలో పడినంతగా ల్యాండ్ క్రూయిజర్ ధర పడదు. ఆ సమయంలో కొనేవాడు కూడా లేడు. గ్రాట్యుయిటీ డబ్బు జీతం ఖాతాలో పడింది, ఒక బ్యాంకు దాన్ని అక్కడే పట్టుకుంది. కార్మిక చట్టం ప్రకారం గ్రాట్యుయిటీ ఏడాదికి కనీసం మూడు వారాల మూల వేతనం. ఎనిమిదేళ్ళ గ్రాట్యుయిటీ ఆ తేడా పూడ్చడానికే పోయింది. భార్యా పిల్లలు ముందు విజయవాడ వెళ్ళిపోయారు. ఆయన బ్యాంకు నుంచి క్లియరెన్సు కాగితం కోసం నాలుగు నెలలు మన్సూరాలో ఒక స్నేహితుడి గదిలో ఉన్నాడు. బండి కింద పార్కింగులో దుమ్ము కొట్టుకుంటూ ఉండేది.

ఇది ఆయన ఒక్కడి కథ కాదు. 2008-09లో దుబాయి విమానాశ్రయంలో వదిలేసిన కార్ల గురించి ప్రపంచ పత్రికలన్నీ రాశాయి. ఎన్ని కార్లన్న దాని మీద వాదనలున్నా కారణం మీద వాదన లేదు. అమెరికాలో ఉన్న పాఠకులు ఇది గల్ఫు గొడవ అనుకోవద్దు. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే మీకు దొరికేది 60 రోజులు. వాయిదాల పుస్తకానికి ఆ గడువుతో సంబంధం లేదు.

మరి ఏం చెయ్యాలి?

డబ్బు చేతిలో ఉండి, అప్పు లేకుండా కొనగలిగినవాళ్ళు, ఇష్టం ఉంటే కొనుక్కోండి. నాకు అభ్యంతరం లేదు. ఎవరైనా నేర్పేవాళ్ళ దగ్గర ఒకరోజు నేర్చుకుని నడపండి. వేగం చూడాలనిపిస్తే లుసైల్ సర్క్యూట్ లాంటి ట్రాక్ మీద వీలున్నప్పుడు చూడండి, కోర్నిష్ మీద కాదు. సరదా తీరాలంటే వారాంతం అద్దెకి తీసుకున్నా తీరుతుంది. మూడేళ్ళ పాత బండి కొంటే మొదటి తరుగుదల ఇంకొకరు భరించినట్టే. కానీ వారంటీ ఎంతవరకు ఉందో, అది గల్ఫు కోసం తయారైన మోడలో దిగుమతి చేసుకున్నదో, ఎయిర్ సస్పెన్షను, బ్రేకు డిస్కులు ఎలా ఉన్నాయో చూపించుకోండి.

అప్పు మీద కొనేవాళ్ళకి నాదొక్కటే పరీక్ష. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి నలభై ఎనిమిది వరసలు గియ్యండి. ఒక గడిలో ఆ నెలకి మిగిలిన అప్పు, పక్క గడిలో ఆ నెల బండి అమ్మితే వచ్చే ధర. రెండోది నిరాశావాదంతోనే వెయ్యండి. మొదటిది రెండోదాన్ని దాటిన ప్రతి నెలా మీరు ఈ దేశంలో స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు. ఉద్యోగం నచ్చకపోయినా మానలేరు, అమ్మకి ఒంట్లో బాలేదన్నా సర్దుకుని వెళ్ళిపోలేరు. మంచి ల్యాండ్ క్రూయిజరో, మామూలు సెడానో అయితే కొంచెం ఎక్కువ డౌన్ పేమెంటుతో ఆ నెలలు చాలావరకు మాయమవుతాయి. 600 హార్స్‌పవరు బండికి అవి మూడేళ్ళ దాకా సాగుతాయి.

కస్టమర్లకి మనం రోజూ చెప్పేది ఇదే: సిస్టం ఎంత వేగంగా పరిగెడుతుందో చెప్పేముందు, పడిపోతే ఎలా లేస్తుందో చెప్పమని. మన ఇంటి విషయంలోనూ ఆ ప్రశ్న వేసుకుని, జవాబు దొరికాక షోరూంకి వెళ్ళండి.